కాశప్ప పెట్టిన గుర్తు

కాశప్ప ఇంట్లో కంప్యూటర్ మొరాయించిన సంగతి నారాయణఖేడ్ బజారుకు తెలిసేసరికే, దాన్ని పాడుచేసిందెవరో కూడా తెలిసిపోయింది. రెండు కబుర్లూ ఒకే నోటి నుంచి బయలుదేరాయి మరి. ఆ నోరు కాశప్పదే.

మనిషి చెడ్డవాడని కాదు. పరాయి సొమ్ము పూచికపుల్లంతైనా ముట్టడు. పొద్దున్నే స్నానం చేసి, నుదుట విభూతి రేఖలు దిద్దుకుని, లింగపూజ అయితే గానీ పచ్చి మంచినీళ్ళు తాగడు. ఉన్నదల్లా ఒకటే జబ్బు, అనుమానం. పాలల్లో నీళ్ళు కలిశాయేమోనని లోకమంతా చూస్తుంది. కాశప్ప నీళ్ళల్లో ఏం కలిసిందో చూస్తాడు. గుడికి పోతే రెండు చెప్పులూ ఒకచోట విడవడు. ఒకటి ఈ గోడ కింద, ఒకటి ఆ గోడ కింద. జత కుదరకపోతే దొంగ ఏం చేసుకుంటాడని ఆయన తెలివి. ఒకసారి బోరంచ నల్లపోచమ్మ గుడి దగ్గర రెండో చెప్పు ఎక్కడ దాచాడో మరిచిపోయి, ఒంటి చెప్పుతో బస్సెక్కాడు. అప్పుడు కూడా పక్కవాళ్ళనే అనుమానించాడు గానీ తనను తాను అనుమానించుకున్న పాపాన పోలేదు.

రైతుల దగ్గర కందులు కొని బయటి వ్యాపారులకు పంపే ఆడ్తి దుకాణం నలభై ఏళ్ళు నడిపాడు. ఆ రోజుల్లో ఆయన సంచులకు ఒక గుర్తుండేది. గోడలకు పూసే ఎర్ర జాజును ఆముదంలో ముద్దగా కలిపి, సంచి మూతి దగ్గర మూడు గీతలు గీసి, నడుమ ఒక బొట్టు పెట్టేవాడు. ఆముదంలో కలిపిన జాజు రాలదు, వానకు పోదు అని తండ్రి నేర్పిన విద్య. ఇప్పుడు దుకాణం కొడుకు ప్రభులింగ్ చూసుకుంటున్నాడు. జాజు సీసా మాత్రం కాశప్ప దగ్గరే ఉండిపోయింది. గొడుగు కర్ర మీద, టార్చిలైటు మీద, గ్యాస్ సిలిండర్ అడుగున, ఎక్కడ చూసినా ఆ మూడు గీతలే.

దుకాణం వదిలాక చేతులు ఊరుకోక, తమ కులంవాళ్ళకు పెళ్ళి సంబంధాలు చూడటం మొదలుపెట్టాడు. జహీరాబాద్, బీదర్, ఔరాద్ దాకా ఆడపిల్లలవి, పిల్లగాళ్ళవి ఫోటోలు, వివరాలు తెప్పించి కంప్యూటర్లో పెట్టుకుంటాడు. పిల్లగాడు బెంగళూరులో ఇంజనీరంటే ఆఫీసుకు ఫోన్ చేసి ఊరుకోడు, ఆఫీసు ముందున్న చాయ్ బండివాడి నంబరు కూడా సంపాదిస్తాడు. కాశప్ప కుదిర్చిన సంబంధం చెడిపోయిందన్న మాట ఇంతవరకూ లేదు. అందుకే ఆయన ఒకరిని మంచివాడంటే మంచివాడే, దొంగ అంటే దొంగే. బజారు రెండోసారి అడగదు.

ఆ మాటే ఇప్పుడు సుహాసిని మెడకు చుట్టుకుంది.

సుహాసినికి ఇరవయ్యారేళ్ళు. బస్ డిపో ఎదురుగా చిన్న షట్టర్ అద్దెకు తీసుకుని కంప్యూటర్లు బాగుచేస్తుంది. నెల కిందట కాశప్ప కంప్యూటర్ నత్తనడక నడుస్తుంటే వచ్చి, లోపల ర్యామ్ మార్చింది. ర్యామ్ అంటే దువ్వెనంత పచ్చటి పట్టీ. ఒక అంచున బంగారు రంగు పళ్ళుంటాయి. ఆ పళ్ళు కింది గాడిలో గట్టిగా కూర్చుంటేనే పెట్టెకు ప్రాణం వస్తుంది. కొత్త పట్టీ వేశాక కంప్యూటర్ లేడిపిల్లలా పరుగెత్తింది. కాశప్ప కూడా మెచ్చుకున్నాడు.

మెచ్చుకుని ఊరుకుంటే కథే ఉండేది కాదు. రెండు రోజుల తర్వాత దుర్గేశ్ హోటల్లో చాయ్ తాగుతుంటే, రిపేరు చేసేవాళ్ళు మంచి సామాను నొక్కేసి చచ్చు సామాను పెడతారని ఎవరో అన్నారు. అంతే, కాశప్పకు చాయ్ దిగలేదు. ఇంటికొచ్చి తలుపు గడియ వేసుకుని, సుహాసిని ఎలా విప్పిందో గుర్తు చేసుకుంటూ పెట్టె తానే విప్పాడు. జాజు సీసా తెచ్చాడు. ర్యామ్ బయటికి లాగి దాని మీద ఒత్తుగా ఒక బొట్టు, డిస్కు మీద ఒకటి, కరెంటు డబ్బా మీద ఒకటి పెట్టి, అన్నీ ఎక్కడివక్కడ బిగించాడు. బటన్ నొక్కితే కంప్యూటర్ బంగారంలా పనిచేసింది. ఇక ఎవరు ఏం మార్చినా దొరికిపోతారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

తర్వాత ఇరవై రోజులకు ఫ్యాను గరగరమంటుంటే సుహాసిని పెట్టెను తన దుకాణానికి తీసుకుపోయి, పూటలో బాగుచేసి తెచ్చి ఇచ్చింది. నాలుగో రోజు పొద్దున బటన్ నొక్కితే ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. లోపల్నుంచి పొడుగాటి కూత ఒకటి వచ్చింది. ఆగి, మళ్ళీ అదే కూత. కాశప్ప కళ్ళు మెరిశాయి. పెట్టె పోయిందన్న దిగులు కన్నా తన వల పనిచేసిందన్న ఉత్సాహమే ఎక్కువ. మూత విప్పి చూశాడు. డిస్కు మీద బొట్టుంది. కరెంటు డబ్బా మీద బొట్టుంది. ర్యామ్ మీద లేదు.

తిన్నగా దుర్గేశ్ హోటల్‌కు పోయాడు.

"దొంగను పట్టిన, దుర్గేశ్. కొత్తది తీస్కొని చచ్చుది పెట్టింది. నా దగ్గర సబూత్, సాక్ష్యం ఉంది."

"ఎవలు, సుహాసినియా? గా పిల్ల మంచిగనే ఉంటది గదా సేటు?"

"సంగయ్య గూడ మంచిగనే ఉండె. సంచి పోయినంక గదా ఎర్కయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైన పట్టలేడంటరు. నేను పట్టిన."

సంగయ్య ఎవరంటారా? సుహాసిని తండ్రి. పద్దెనిమిదేళ్ళ కిందట కాశప్ప దుకాణంలో హమాలీ. ఒక వానరోజు సంగయ్య మోసిన నలభై సంచుల్లో ఒకటి కనిపించలేదు. దుకాణమంతా వెతికినా మూడు గీతల గుర్తు ముప్పై తొమ్మిది సంచులకే ఉంది. నల్లపోచమ్మ మీద ఒట్టేసి తాను తీయలేదన్నాడు సంగయ్య. కాశప్ప వినలేదు. వెళ్ళగొట్టి, బజారులో నలుగురికీ చెప్పాడు. ఆ తర్వాత ఖేడ్‌లో ఏ ఆడ్తివాడూ సంగయ్యను గుమ్మం తొక్కనివ్వలేదు. కల్హేర్ అంగట్లో మూటలు మోసి, భార్య శంకరమ్మ కూలికి పోయి, ఎలాగో పిల్లను చదివించుకున్నారు.

ఇందులో బజారుకు తెలియని ముక్క ఒకటుంది. రెండు నెలల తర్వాత గోదాముకు సున్నం వేయిస్తుంటే, ఖాళీ గోనె కట్టల వెనక ఆ సంచి బయటపడింది. తలకిందులుగా నిలబడి ఉంది. గుర్తు నేలకు అంటుకుని ఉంది కాబట్టి ఎవరి కంటా పడలేదు. కాశప్ప చూశాడు, ఆయన భార్య సిద్ధలింగమ్మ చూసింది. ఇద్దరే. 'ఇప్పుడు చెప్తే ఏమొస్తది, నా మాట పలచనైతది గానీ' అనుకున్నాడాయన. ఆమె అడిగితే కసిరాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ సంచి ఊసు ఆ ఇంట్లో లేదు.

హోటల్లో మాట అన్నది గురువారం. శనివారం పొద్దున, ముసురు పట్టి చినుకులు పడుతుండగా, సుహాసిని పనిముట్ల సంచి భుజాన వేసుకుని కాశప్ప వాకిట్లో నిలబడింది.

"సేటు ఉన్నడా అవ్వా?" అని సిద్ధలింగమ్మను అడిగింది.

కాశప్ప లోపల్నుంచే గొంతు పెంచాడు. "ఏంది పిల్లా, పిలువకుండనే వచ్చినవ్?"

"బద్నాం చేసినంక పిలువకున్నా రావాలె గదా సేటు." ఆమె గడప దాటి లోపలికొచ్చింది. "కాలేజీల ఇరవై కంప్యూటర్లు చూసుకునే పని సోమవారం సంది నాకిస్తమన్నరు. నిన్న ప్రిన్సిపాల్ స్వరూపరాణి మేడం ఫోన్ చేసింది. బజార్ల నీ మీద ఏందో మాటుంది, రేపు పొద్దుమూకేలోపట సాఫ్ చేసుకో, లేకుంటె వేరేటోళ్ళను చూసుకుంటం అన్నది. ఎవలన్నరు మేడం అంటె నీ పేరు జెప్పింది."

"నేను అబద్ధం చెప్పలే."

"అయితె నా ముంగట విప్పు. నేను సామాన్ మార్చిన్నని తేలితె రేపటి సంది షట్టర్ లేపను. ఖేడ్ ఇడిచిపెట్టి పోత. తేలకుంటె నువ్వు యాడ కూసొని అన్నవో ఆడనే కూసొని కాదనాలె. ఒప్పుకుంటవా?"

కాశప్పకు వెంటనే అనుమానమొచ్చింది. ఇంత ధైర్యంగా వచ్చిందంటే ఏదో ఉపాయంతోనే వచ్చి ఉంటుంది. చేతివాటం చూపించి, దొంగిలించిన పట్టీని మళ్ళీ గుట్టుగా లోపల పెట్టేస్తుందేమో. సరే, చూద్దాం.

"ఒప్పుకుంట. ముందుగాల నీ సంచి ఖాళీ చెయ్యి. కుర్తా చేతులు పైకి మడువు."

"ఏన్రీ!" అంది సిద్ధలింగమ్మ సిగ్గుతో చచ్చిపోతూ. కోపమొస్తే ఆమెకు మొగుడితో కన్నడమే వస్తుంది.

"ఉండనీ అవ్వా," అంది సుహాసిని. సంచి తలకిందులు చేసి చాప మీద పోసింది. స్క్రూడ్రైవర్లు, మీటరు, చిన్న బ్రష్షు, స్పిరిట్ సీసా, పెన్సిల్ రాతలు చెరిపే రబ్బరు ముక్క, చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లలు. కాశప్ప ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. రబ్బరు ముక్కను రెండుసార్లు చూశాడు.

"గిదెందుకు?"

"పనుంటది."

'ఏం పని, బడి పిల్లవా?' అనుకున్నాడు మనసులో. కుర్చీ లాక్కుని ఆమె మోచేతికి జానెడు దూరంలో కూర్చున్నాడు.

కంప్యూటర్ పెట్టెను అందరిలా నిలబెట్టలేదాయన. నిలబెడితే వెనక వైర్లు ఎవరైనా లాగేస్తారని, బల్ల మీద పడుకోబెట్టి దాని మీద తెర పెట్టాడు. సుహాసిని తెర దించి పక్కన పెట్టి, మూత విప్పి, బటన్ నొక్కింది. ఫ్యాను తిరిగింది. కూత వచ్చింది. ఆమె వేళ్ళు మడుస్తూ కూతలు లెక్కపెట్టింది.

"ఫ్యాన్ తిరుగుతుంటె పానం ఉన్నట్టే గదా?" అన్నాడు కాశప్ప.

"ఫ్యాన్ తిరుగుతె కరెంట్ వస్తుందన్నట్టు. లోపట్ల బరాబర్ వస్తుందా లేదా అనేది మీటర్ జెప్పాలె." మీటరు పుల్లలు వైర్ల మీద ఆనించింది. పన్నెండు వోల్టుల దగ్గర పన్నెండు, అయిదు దగ్గర అయిదు చూపించింది. "కరెంట్ డబ్బ మంచిగుంది. ఇగ తెర చూద్దం." తెర వైరు పీకి మళ్ళీ బిగించింది. మార్పు లేదు. "తెర తప్పు గూడ కాదు. తెర ఖరాబైతె పెట్టె గిట్ల మొత్తుకోదు."

"మరి ఏందని మొత్తుకుంటుంది?"

"డిస్కు తీసి చూస్తె ఇంకొంచెం తెలుస్తది."

డిస్కు మాట వినగానే కాశప్ప కుర్చీలోంచి లేచాడు. మూడు వందల ఇళ్ళ గుట్టు అందులోనే ఉంది. ఏ పిల్లకు ఎన్ని సంబంధాలు తప్పిపోయాయో, ఏ పిల్లగాడు ఎవరితో తిరిగాడో, అన్నీ. "నేను తీస్త," అని తానే స్విచ్చి ఆపి, వైర్లు పీకి, డిస్కును తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. పురుటి బిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. సుహాసినికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. మళ్ళీ బటన్ నొక్కింది.

అదే కూత.

"డిస్కు లేకున్నా అదే మొత్తుకోలు. అంటె డిస్కు తప్పు లేదు, నీ ఫోటోలు భద్రమే." ఆమె కరెంటు ఆపి, ర్యామ్ రెండు పక్కలా కొక్కేలు నొక్కి, పట్టీని పైకి లాగింది. మళ్ళీ బటన్ నొక్కింది. అప్పుడూ అదే కూత, తేడా లేకుండా.

"చూసినవా సేటు? ర్యామ్ ఉన్నా, లేకున్నా పెట్టె ఒక్కతీరుగనే ఏడుస్తుంది. అంటె ఉన్నది గూడ దానికి కండ్లవడ్తలేదు."

"కండ్లవడది. ఎందుకంటె అది చచ్చుది!" కాశప్ప ఇక ఆగలేకపోయాడు. "నువ్వు పెట్టింది."

"నేను మొన్న ఫ్యాన్ దాకనే పోయిన. దీన్ని ముట్టనే లేదు. నెల కింద బిగించినప్పుడు నీకు చిట్టి ఇచ్చిన, దాని మీద దీని నంబర్ రాసిన. చిట్టి తియ్."

కాశప్ప చిట్టీ పారేస్తాడా? ఇనప్పెట్టెలోంచి తీశాడు. ఆమె పట్టీ మీది కాగితపు చీటీ చూపించింది. కళ్ళజోడు పెట్టుకుని అంకె అంకె కలుపుకుంటూ చదివాడు. ఒకసారి పైనుంచి, ఒకసారి కిందినుంచి. ఒక్క అంకె తేడా లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కానీ ఓడిపోవడం అలవాటు లేని మనిషి.

"చీటీదేమున్నది, పీకి ఇంకోదానికి అంటివెడ్తె అంటుకుంటది. నా సబూత్ నాకుంది. దీని మీద నా గుర్తుండె. నా చేతులతోని పెట్టిన. ఏది?"

"ఏం గుర్తు?"

ఇన్నాళ్ళూ దాచిన వలను విప్పి చూపించే ఘడియ. అలమరలోంచి జాజు సీసా తెచ్చి, గర్వంగా బల్ల మీద పెట్టాడు. డిస్కు మీది బొట్టు చూపించాడు. కరెంటు డబ్బా మీది బొట్టు చూపించాడు. "గివి రెండు ఉన్నయి. అది ఏమైంది? ఎవలు తీస్కపోయిండ్రు?"

సుహాసిని సీసా వంక చూసింది. మూత తీసి వాసన చూసింది. పట్టీని కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో ఏటవాలుగా పట్టింది. కాశప్ప వెంటబడి పోయాడు, పట్టీని మార్చేస్తుందేమోనని.

"ఈడ చూడు."

బంగారు రంగు పళ్ళు సగం దాకా ఎర్రగా ఉన్నాయి. కొత్త పెళ్ళికూతురి పారాణిలా కాదు, జిడ్డుగా, మురికిగా. ఆమె తిరిగొచ్చి దూది పుల్ల ఒకటి తీసుకుని గాడిలో పెట్టి తిప్పింది. ఎర్రటి ముద్ద వచ్చింది. ఇంకో పుల్ల పెట్టింది. దానికీ వచ్చింది. మూడో పుల్ల సిద్ధలింగమ్మ చేతికిచ్చింది. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఆముదం," అంది సిద్ధలింగమ్మ.

సుహాసిని ఆ పట్టీని జాజు సీసా పక్కన పెట్టింది.

"పెట్టె నడుస్తుంటె లోపట వేడుంటది సేటు. వేడికి ఆముదం పలచనైతది. పెట్టెను పండవెట్టినవ్ గదా, ర్యామ్ నిటారుగ నిలవడ్డది. బొట్టు మెల్లగ కిందికి జారి పండ్లల్లకు, గాడిల్లకు దిగింది. ఆ రెండిటి మీద జారనీకి జాగ లేదు, అందుకే ఉన్నయి." ఎర్రబడ్డ దూది పుల్లలు ఆయన ముందుకు జరిపింది. "నీ గుర్తు ఎవలు తీస్కపోలే. కిందికి పోయింది, గంతే. దొంగను పట్టనీకి పెట్టిన బొట్టే నీ కంప్యూటర్‌ను ఆపింది."

కిందికి పోయింది. ఆ మాట కాశప్ప చెవిలో గంట కొట్టినట్టు మోగింది. గోనె కట్టల వెనక తలకిందులుగా నిలబడ్డ సంచి కళ్ళ ముందుకొచ్చింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే "ఆ సంచి సంగతి వేరే," అనేశాడు.

సుహాసిని తలెత్తింది. "నేను సంచి మాట ఎత్తలేదు సేటు."

కాశప్ప జాజు సీసా మూత బిగించసాగాడు. సిద్ధలింగమ్మ మొగుడి మొహంలోకే చూస్తోంది.

సుహాసిని రబ్బరు ముక్క తీసుకుంది. బడి పిల్ల రాత చెరిపినట్టు బంగారు పళ్ళను రుద్దింది. మెరుపు వచ్చేదాకా రుద్దింది. గాడిని స్పిరిట్‌తో, బ్రష్షుతో కడిగి ఆరనిచ్చింది. ఆరేలోపు, ఎవరికీ కాదన్నట్టు, చేతులు చూసుకుంటూ మాట్లాడింది.

"అప్పుడు నాకు ఎనిమిదేండ్లు. బళ్ళె పోరగాండ్లు సంచిదొంగ బిడ్డ అంటుండ్రి. మా నాయిన ఇప్పటికి గూడ నిద్రల లెక్కవెడ్తడు. ఒకటి, రెండు, మూడు. ముప్పై తొమ్మిది అనంగనే లేచి కూసుంటడు. అమ్మ నీళ్ళిస్తది. నేను బొట్లు పెట్టను సేటు, నంబర్లు రాస్త. అది గా భయంతోనే నేర్చుకున్న."

పట్టీని గాడిలో పెట్టి, రెండు వేళ్ళతో నొక్కింది. కొక్కేలు టక్కుమని పడ్డాయి. కాశప్ప ఒళ్ళోంచి డిస్కు తీసుకుని బిగించింది. ఈసారి ఆయన తీయనిచ్చాడు. బటన్ నొక్కింది. చిన్నగా ఒక్క కూత. తెర వెలిగింది. కాసేపటికి లింగం బొమ్మ, పక్కన పెళ్ళికూతుళ్ళ ఫోటోల ఫోల్డర్లు వరసగా వచ్చాయి.

పనిముట్లు సంచిలో సర్దుకుంది. "కాలేజీ పొద్దుమూకినంక బంద్ అయితది," అని మాత్రం అని వెళ్ళిపోయింది.

కాశప్ప కదల్లేదు. పద్దెనిమిదేళ్ళ కిందటి లెక్కే మళ్ళీ మనసులో మెదిలింది. ఇక్కడ ఉన్నది ముగ్గురే. పిల్ల చెప్పినా బజారు తన మాటే నమ్ముతుంది. కంప్యూటర్ దానంతటదే బాగైందంటే సరి. రెండు రోజులు గడిస్తే కాలేజీవాళ్ళు ఇంకొకరిని చూసుకుంటారు, పిల్ల ఇంకో ఊరు చూసుకుంటుంది. ఏమొస్తది చెప్తే?

"ఇంటి దొంగను ఈశ్వరుడైన పట్టలేడు అన్నవట హోటల్ల," అంది సిద్ధలింగమ్మ. "ఆ రోజు నేను గూడ నోరు మూసుకున్న. నీతోని సమానంగ నాకూ పాపం తగిలింది. ఈసారి నువ్వు పోకుంటె నేను పోత."

"ఏమని పోతవే? నలుగుర్ల నా ఇజ్జత్..."

"నీ ఇజ్జతా? నలభయ్యో సంచి ఎక్కడున్నదో పద్దెనిమిదేండ్ల సంది తెల్సిన మొగోనికి ఇంక ఇజ్జత్ ఏంది?" అని ఆమె గొడుగు తెచ్చి చేతిలో పెట్టింది. కర్ర మీద మూడు గీతలు, నడుమ బొట్టు. కాశప్ప దాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు. గొడుగు అక్కడే వదిలి చినుకుల్లోనే బయలుదేరాడు.

దుర్గేశ్ హోటల్ కిటకిటలాడుతోంది. ముసురుకు బస్సు దిగినవాళ్ళంతా అక్కడే చేరారు. రోడ్డుకు ఆ పక్క సుహాసిని దుకాణం షట్టర్ సగం దించి ఉంది. దాని ముందు స్టూలు మీద సంగయ్య కూర్చుని, తడవకుండా కాళ్ళు ముడుచుకున్నాడు. కాశప్పను చూడగానే ఎప్పట్లానే తల దించుకున్నాడు. వీపు మూటలకు వంగినవాడు, తల దించడం పెద్ద కష్టం కాదు.

"ఏమైంది సేటు, దొంగసామాన్ దొరికిందా?" అని దుర్గేశ్ నవ్వాడు.

కాశప్ప కూర్చోలేదు. "దొరికింది. దొంగను నేనే." జాజు బొట్టు, ఆముదం, గాడి, అంతా చెప్పాడు. హోటలంతా గొల్లుమంది. కంప్యూటర్‌కు బొట్టు పెట్టినవ్, తాళి గూడ కట్టకపోయినవా సేటు, అని ఎవరో అన్నారు. చెవులు కాలిపోతున్నా ఓర్చుకుని ఫోన్ తీశాడు. స్వరూపరాణికి కలిపి, అందరికీ వినబడేలా పెట్టి, "మేడం, నేను కాశప్పను. సుహాసిని మీద నేనన్నది తప్పు. నా పెట్టెను నేనే ఖరాబు చేసుకున్న, ఆ పిల్ల బాగుచేసింది. నా మాట మీద నమ్మకముంటె పని ఆ పిల్లకే ఇయ్యాలె," అన్నాడు. ఆమె సరేనంది. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

అక్కడితో ఆగిపోవచ్చు. మాట ఇచ్చినంత వరకూ చేశాడు. ఎవరూ ఇంకేం అడగలేదు. నవ్వినవాళ్ళు మళ్ళీ తమ చాయ్ తాము తాగుతున్నారు. సుహాసిని షట్టర్ కింద నుంచి బయటికొచ్చి నిలబడింది.

కాశప్ప రోడ్డు దాటి సంగయ్య ముందు నిలబడ్డాడు. సంగయ్య అలవాటుగా లేవబోయాడు. కాశప్ప అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, హోటలంతా వినేలా అన్నాడు.

"సంగయ్యా, ఆ సంచి దొరికింది. ఇయ్యాల కాదు. పోయిన రెండు నెలలకే దొరికింది. నేను చెప్పలే."

హోటల్లో ఈసారి ఎవరూ నవ్వలేదు. సుహాసిని రెండడుగులు ముందుకొచ్చింది. తండ్రి లేచి కొడతాడనుకుందో, ఏడుస్తాడనుకుందో. సంగయ్య రెండూ చెయ్యలేదు. కళ్ళు చిట్లించి, చాలా దూరంలో ఉన్న దేన్నో పోల్చుకుంటున్నట్టు చూశాడు.

"యాడుండె సేటు?"

"గోనె కట్టల ఎనక. తలకిందులుగ."

"ఔ," అన్నాడు సంగయ్య మెల్లగా. "ఔ ఔ. వాన జల్లు లోపటికి కొడ్తుండె. మూతి తడుస్తె కందులు ఖరాబైతయని నేనే ఎనకకు మోసుకపోయి, మూతి కిందికి పెట్టి నిలవెట్టిన. గంతే. ఇన్నేండ్లు యాదికి రాకపాయె. నేనే యాడనన్న వేసి మర్శిన్నేమో, తాగి అమ్ముకున్ననేమో అని, నా మీద నాకే అనుమానముండె సేటు."

ఎవరినో ఒకరిని అనుమానించి బతికిన కాశప్ప, ఒక మనిషి తనను తాను పద్దెనిమిదేళ్ళు అనుమానించుకుంటే ఎలా ఉంటుందో మొదటిసారి విన్నాడు. వానలో అలాగే నిలబడిపోయాడు.

సంగయ్య ఆయన వంక చూడటం మానేశాడు. స్టూలు మీంచి లేచి, వంగిన నడుం వీలైనంత నిలబెట్టుకుని, కూతురి వైపు తిరిగాడు.

"బిడ్డా," అన్నాడు. "నలభయ్యోది దొరికిందే."